వీధి పునర్నిర్మాణము: ఖర్చు ఎవరిది? కాపుదల ఎవరిది?

మనిషి ఇంటి గుమ్మము దాటి వేయు మొదటి అడుగు వీధిలో పడును. బడికి పోవు బాలుడు, బిందెతో కుళాయి వద్దకు పోవు ఇల్లాలు, నమాజునకు పోవు వృద్ధుడు, గుడికి పోవు ముత్తైదువ, పొలమునుండి చెరకు తోలుకొని వచ్చు రైతు, కడపట నలుగురి భుజముల మీద సాగిపోవు మృతుడు - అందరికిని దారి అదియే. అయినను వీధిని గూర్చి మనము మాటలాడుట రెండు సమయములందే కనబడును: వర్షము కురిసినపుడు, ఎన్నికలు వచ్చినపుడు. తక్కిన కాలములో వీధి ఎవరు వేసిరో, ఎంత ఖర్చయినదో, ఆ ఖర్చు ఎవరి చేతినుండి వచ్చినదో, అది పగిలినచో బాగుచేయువారెవరో ఎవరును అడుగరు. ఈ నాలుగు ప్రశ్నలను ముందిడుకొని, నివాస వీధుల పునర్నిర్మాణమును గూర్చి మాకు తెలిసినంత వరకు వివరించుటయే ఈ వ్యాసోద్దేశము.

ఇందుకు గోవాడ గ్రామమును దృష్టిలో ఉంచుకొందము. గోవాడ చోడవరము మండలములోనిది. పూర్వము విశాఖపట్నము జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. ఆ గ్రామము పేరు చెప్పగానే ఉత్తరాంధ్రలో ఎవరికైనను స్ఫురించునది సహకార చక్కెర కర్మాగారము. చెరకు పండు ఊరిలో వీధికి రెండు విధముల పని యున్నది. ఒకటి ఇండ్లవారి రాకపోకలు. రెండవది బరువు బండ్ల రాకపోకలు. వాటాలు కొని కర్మాగారమును నిలబెట్టిన రైతులున్న ఊరు గనుక, వాటా అను మాటకు అర్థము ఆ ఊరివారికి ఎవరును చెప్పనక్కరలేదు. ఈ మాటను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. వ్యాసము చివర మరల దానితో మనకు పనియున్నది.

వీధి అనగా పైపూత మాత్రము కాదు

ఒక వీధిని అడ్డముగా కోసి చూచితిమేని అందు మూడు అంతస్తులు కనబడును. పైన మనము నడచు సిమెంటు పలక. దాని ప్రక్కన మురుగుకాలువ. దాని అడుగున నీటి గొట్టము. ఈ మూడింటిలో కంటికి నచ్చునది పైపలక ఒక్కటే. ఫొటోలకు అందునదియు అదియే. కాని వీధి ఆయుర్దాయమును నిర్ణయించునది తక్కిన రెండు.

మన ఊళ్లలోను, పట్టణములందలి బస్తీలలోను, తరచుగా జరుగు పొరపాటు ఒకటి యున్నది. పాత రోడ్డు పగిలినపుడు దానిని తవ్వి తీయకుండ, దాని మీదనే కొత్త పలక పోయుదురు. పని త్వరగా ముగియును, ఖర్చు తగ్గును. కాని వీధి మట్టము ఒక్కసారిగా 15 సెంటీమీటర్లు పైకి లేచును. మరికొన్ని ఏండ్లకు మరొక పొర పడినచో మొత్తము 30 సెంటీమీటర్లు, అనగా ఇంచుమించు ఒక అడుగు. ఇండ్ల నేల మాత్రము ఉన్నచోటనే యుండును. ఒకనాడు వీధికి రెండు మెట్ల ఎత్తున ఉన్న అరుగు వీధితో సమానమగును. పిదప గుమ్మము వీధికంటె పల్లమగును. వర్షము వచ్చినపుడు వీధి నీరు ఇంటిలోనికి దారి చూచుకొనును. కలిగినవారు ఇల్లు పడగొట్టి ఎత్తుగా కట్టుకొందురు. లేనివారు గుమ్మమునకు అడ్డముగా ఇటుక గట్టు కట్టుకొని, లోపలికి వచ్చిన నీటిని చేటలతో ఎత్తిపోసికొందురు. కావున రోడ్డు వేయుట ఎల్లప్పుడు మేలేయని తలచుట తగదు. మట్టము చూడక వేసిన రోడ్డు పేదవాని ఇంటి విలువను తగ్గించును.

పునర్నిర్మాణము అనునది ఈ కారణముచేతనే క్రొత్తగా వేయుటకంటె కష్టమైన పని. పాతదానిని పెకలించవలెను; ఇండ్ల గుమ్మముల మట్టములను కొలిచి వ్రాసికొనవలెను; నీరు ఏ మూలకు పోవలెనో ముందుగా నిర్ణయించవలెను; అటుపిమ్మట గొట్టములు, కాలువ, చివరకు పలక. ఈ వరుస తప్పినచో ఎంత సిమెంటు పోసినను ప్రయోజనము లేదు.

నీటి లెక్క

వీధి వేయుటకు ముందు వేయవలసిన లెక్క నీటి లెక్క. ఒక ఉదాహరణమును చూతము. 100 మీటర్ల పొడవు గల వీధి. వీధియు, దానికి ఇరువైపుల నీరు విడుచు ఇండ్ల కప్పులు, పెరళ్లు కలిపి 20 మీటర్ల వెడల్పు అనుకొందము. అనగా 2,000 చదరపు మీటర్లు. ఒక గంటలో 50 మిల్లీమీటర్ల వాన పడినచో, ఆ వీధిలో దిగు నీరు 100 ఘనపు మీటర్లు. అనగా ఒక లక్ష లీటర్లు. మట్టి వీధిలో దానిలో కొంత నేల త్రాగును. సిమెంటు పలక చుక్కయైనను త్రాగదు. కనుక వీధికి సిమెంటు వేసిన నాడే కాలువ అవసరము పెరిగినదని గ్రహించవలెను. కాలువ లేని సిమెంటు వీధి తానే కాలువ యగును.

ఉత్తరాంధ్ర తీరమునకు ఇది ఊహాగానము కాదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము వద్ద తీరము దాటినపుడు ఈ ప్రాంతమంతయు గాలివానల ధాటిని చవిచూచినది. తుపాను రాకపోవలెనని కోరుకొనవచ్చును. రాదని లెక్క వేయరాదు.

పలక లెక్క

తక్కువ వాహనములు నడచు గ్రామీణ సిమెంటు రోడ్లకు భారత రోడ్ల కాంగ్రెసు వారు ప్రత్యేకముగా మార్గదర్శకములు ప్రకటించియున్నారు. 2014 నాటి వారి కూర్పు ప్రకారము పలక మందము 150 మిల్లీమీటర్లకు తగ్గరాదు. రోడ్డు 20 సంవత్సరములు నిలుచునట్లు రూపొందింపవలెను. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందము గల పలకకు 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పట్టును. ఎవరైనను టేపుతో కొలిచి, కాగితము మీద గుణించి తేల్చుకొనదగిన లెక్క యిది.

ఇందు విద్యార్థులు గమనింపదగిన శాస్త్ర సత్యమొకటి యున్నది. పలక వంగుటను ఎదిరించు బలము దాని మందము యొక్క వర్గమును అనుసరించియుండును. 150 మిల్లీమీటర్లకు బదులు 125 మాత్రమే పోసినచో సామగ్రిలో ఆరవ వంతు మిగులును. కాని 125ను 150చే భాగించి, వచ్చిన దానిని వర్గము చేసినచో 0.69 వచ్చును. అనగా బలములో నూటికి 31 పాళ్లు పోయినవి. ఆరవ వంతు మిగిల్చి మూడవ వంతు పోగొట్టుకొనుట ఏ విధమైన పొదుపు? ఒక అంగుళము తగ్గించినవాడు తీసికొన్నది ఒక అంగుళము మాత్రమే కాదు, వీధి ఆయుర్దాయములో పెద్ద భాగము.

బరువు బండ్ల విషయము ఇంకను తీవ్రమైనది. అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రములో ఒట్టావా పట్టణము వద్ద 1958 నుండి 1960 వరకు, పరీక్షకై వేసిన రోడ్ల మీద లారీలను అదేపనిగా నడిపి ఇంజనీర్లు పరిశోధించిరి. రోడ్డునకు కలుగు నష్టము ఇరుసు బరువు యొక్క ఇంచుమించు నాలుగవ ఘాతమును అనుసరించి పెరుగునని అందు తేలినది. అనగా ఇరుసు మీద బరువు రెట్టింపైనచో నష్టము పదునారు రెట్లగును. చెరకు నరకు కాలములో నిండు ట్రాక్టరు ట్రక్కులు సందులగుండ పోవు గ్రామములో, కాలినడకకు, సైకిలుకు సరిపోవు పలక వేసి ఊరకుండుట తగదు. అట్టి బండ్లకు ఊరి వెలుపలినుండి దారి యేర్పరచుటయో, అవి పోవు ఒకటి రెండు వీధులను మాత్రము మరింత మందముగా వేయుటయో ప్రణాళికలోనే తేల్చుకొనవలెను. ఇందుకు ఖర్చులేని ఉపాయము కూడ ఉన్నది. బండ్లు ఏ వీధిన పోవలెనో, ఏ వీధిన పోరాదో గ్రామసభ కూర్చుండి నిర్ణయించుటయే అది.

పలక పోసిన తరువాత దానిని కనీసము రెండు వారములు తడుపుచుండవలెను. కాంక్రీటు గట్టిపడుట ఎండుటవలన కాదు. సిమెంటు నీటితో కలిసి జరుపు రసాయనిక చర్యవలన. ఆర్థిక సంవత్సరము మార్చి 31తో ముగియును గనుక, నిధులు మురిగిపోవునను తొందరలో చాల పనులు ఫిబ్రవరి, మార్చి నెలలలోనే సాగును. అప్పటికి ఎండలు ముదురును, ఊరిబావులలో నీరు తగ్గును. త్రాగుటకే నీరు వెదకుకొను వేళ రోడ్డును తడుపువారెవరు? లెక్కల క్యాలెండరుకును కాంక్రీటు క్యాలెండరుకును పొత్తు కుదరకపోవుట మన వీధుల పగుళ్లకు గల కారణములలో ఒకటి.

ఖర్చు భరించు పద్ధతులు: చరిత్ర చెప్పునది

ఇక ధనము సంగతి. వీధి వేయుటకు ధనము మూడు చోట్లనుండి రావచ్చును: పైనున్న ప్రభుత్వపు ఖజానా, ఊరి పన్నులు, వీధిలో ఇండ్లున్నవారి చందా. లోకమంతట ఈ మూడింటిని వేర్వేరు పాళ్లలో కలిపి వాడినారు.

మన హైదరాబాదు నగరమే ఖజానా పద్ధతికి పెద్ద ఉదాహరణము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి వచ్చిన వరద నగరములోని బస్తీలను తుడిచిపెట్టినది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి నగర పునర్నిర్మాణమునకు సలహాలు పొందిరి. 1911లో గద్దె యెక్కిన మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. ఉర్దూలో దానికి మజ్లిసె ఆరాయిషె బల్దా అని పేరు. ఆరాయిష్ అనగా అలంకారము. బల్దా అనగా పట్టణము. పేరు అలంకారమైనను, చేసిన పని అంతకు లోతైనది: ఇరుకు మొహల్లాలను విశాలము చేయుట, రోడ్లను వెడల్పు చేయుట, ఇండ్లు పోయినవారికి అద్దెయిండ్లు కట్టించుట. పథ్థర్‌గట్టీ బజారు ఆనాటి గుర్తుగా నేటికిని నిలిచియున్నది. ఇక్కడ వీధివాసులను చందా అడుగలేదు, రాజ్యమే పూనుకొన్నది. మెచ్చదగినదే. కాని రాజ్యము పూనుకొనని సందులు అట్లే మిగిలిపోయినవి.

రెండవ పద్ధతికి ఇంగ్లండు ఉదాహరణము. అచ్చట 1892లో ప్రైవేటు వీధుల పనుల చట్టము వచ్చినది. వీధి సరిగా లేనిచో స్థానిక సంస్థ దానిని వేయించి, ఆ ఖర్చును వీధికి ముఖముగా నున్న స్థలముల యజమానులకు, వారి స్థలముల ముఖభాగము నిడివిని బట్టి పంచును. అంచనాలు చూచుటకును, ఆక్షేపణలు చెప్పుటకును యజమానులకు హక్కు కలదు. వీధి చక్కగా వేసిన పిమ్మట స్థానిక సంస్థ దానిని తన బాధ్యతలోనికి తీసికొని శాశ్వతముగా కాపాడవచ్చును. అనగా మొదటి ఖర్చు ప్రజలది, పిదపటి కాపుదల సంస్థది.

నేడు మన తెలుగువారు అనేకులు నివసించు అమెరికాలోను ఇట్టి పద్ధతి కలదు. మిన్నెసోటా రాష్ట్రములో 429వ అధ్యాయమను చట్టభాగము ప్రకారము, నగర పాలకులు ముందుగా సాధ్యాసాధ్యముల నివేదిక తెప్పించి, నోటీసులిచ్చి, బహిరంగ విచారణ జరుపవలెను. వీధి ముఖభాగములో నూటికి 35 పాళ్లకు తగ్గని యజమానులు అర్జీ పెట్టుకొననిచో, పాలకమండలిలో అయిదింట నాలుగు వంతుల సభ్యులు ఒప్పుకొననిదే పని సాగదు. ఏ యింటి మీదనైనను వేయు రుసుము, ఆ పనివలన ఆ ఆస్తికి పెరిగిన విలువను మించరాదు. వార్షిక వాయిదాలలో చెల్లించు వీలు గలదు. ఈ నియమములలో సారమొక్కటే: చెల్లించువానిని ముందుగా అడుగవలెను, లాభమునకు మించి లాగరాదు.

ఈ పద్ధతిని యథాతథముగా మన ఊరికి తెచ్చుట తగునా? ఆలోచింపవలెను. మూలయింటివాడు రెండు వీధులకును చెల్లించవలసి వచ్చును. నిడివిని బట్టి పంచినచో, పెద్ద పాకలో నున్న కూలికుటుంబము, చిన్న మేడలో నున్న వర్తకునికంటె ఎక్కువ చెల్లించవచ్చును. అద్దెకున్నవారి మీదికి యజమాని దానిని నెట్టవచ్చును. కావున నిడివి ఒక్కటే న్యాయమునకు కొలబద్ద కాజాలదు.

మన రాష్ట్రములో జరిగినది

ఆంధ్రప్రదేశ్‌లో 1997 జనవరిలో ప్రారంభమైన జన్మభూమి కార్యక్రమమున వీధులు, కాలువలు, బడి గదులు వంటి పనులకు ప్రజలు కొంత భాగమును ధనముగానో, సామగ్రిగానో, శ్రమగానో ఇయ్యవలెనను నియమముండెను. దానిపై ఆనాడు విమర్శలును కలవు. భాగమిచ్చుటకు శక్తిలేని వాడలకు పని ఆలస్యమగుననియు, కొన్ని చోట్ల ప్రజల పేర గుత్తేదారులే ఆ భాగమును కట్టుచున్నారనియు చెప్పుకొనిరి. అయినను చందా ఇచ్చినవాడు పని జరుగు చోట నిలబడి సిమెంటు బస్తాలు లెక్కించునను మాట నిజము.

2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకము ప్రారంభమైనది. దాని ఆధారము 2005 నాటి చట్టము. ఆ పథకములో వ్యయమున కూలికి నూటికి 60 పాళ్లకు తగ్గరాదు. సామగ్రికి 40కి మించరాదు. సామగ్రి ఖర్చులో మూడు వంతులు కేంద్రము, ఒక వంతు రాష్ట్రము భరించెడివి. సిమెంటు రోడ్డులో కూలి స్వల్పము, సామగ్రి అధికము. మరి అది ఈ నియమములో ఎట్లు ఇమిడినది? చెరువు పూడిక తీయుట, కాలువ త్రవ్వుట వంటి పనులలో కూలి అధికముగా ఖర్చగును. అక్కడి కూలికి ఎదురుగా వచ్చిన సామగ్రి వాటాను రోడ్లకు మళ్లించిరి. లెక్క ప్రకారము 6 లక్షల రూపాయల సామగ్రి వాడుటకు 9 లక్షల రూపాయల కూలి పని జరిగియుండవలెను. మన వీధిలోని సిమెంటు పలక వెనుక, ఎండలో చెరువు మట్టి మోసిన కూలీల చెమట యున్నదని దీని భావము. ఆ వీధిని ఉచితమనుట వారి శ్రమను మరచుటయే.

2024 ఆగస్టు 23వ తేదీన రాష్ట్రమందలి 13,326 గ్రామ పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిపి పనులను గుర్తించిరి. అదే సంవత్సరము అక్టోబరు 14 నుండి పల్లె పండుగ పేర 4,500 కోట్ల రూపాయల అంచనాతో 30,000 పనులు ఆరంభించునట్లు ప్రభుత్వము ప్రకటించినది. అందు 3,000 కిలోమీటర్ల సిమెంటు రోడ్లు చేరియుండెను. 2025 డిసెంబరులో పార్లమెంటు 2005 నాటి చట్టమునకు బదులుగా మరొక చట్టము చేసినది. పైనుండి వచ్చు నిధికి నియమములు ఎప్పుడైనను మారవచ్చునని ఇందువలన తెలియుచున్నది. వీధి మాత్రము ఊరిలోనే యుండును.

మూడు సంచులు, ఒక వీధి

మా పరిశీలనలో అసలు చిక్కు నిధుల కొరత ఒక్కటే కాదు. నిధులు వేర్వేరు సంచులలో, వేర్వేరు వేళలలో వచ్చుట. త్రాగునీటి గొట్టము 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల జీవన్ మిషన్ క్రింద వచ్చును. మనిషికి రోజునకు 55 లీటర్ల నీరు ఇంటి కుళాయిలో అందవలెనని దాని లక్ష్యము. పారిశుధ్యమునకు, మురుగునీటి పనులకు ఆర్థిక సంఘపు నిధులు కలవు. 2021-22 నుండి 2025-26 వరకు 15వ ఆర్థిక సంఘము ఇచ్చిన నిధులలో నూటికి 60 పాళ్లు త్రాగునీటికి, పారిశుధ్యమునకు కట్టుబడినవి; తక్కిన 40 పాళ్లు జీతములకు, కార్యాలయ వ్యయములకు తప్ప స్థానిక అవసరములకు వాడుకొనదగినవి. రోడ్డుకు ఉపాధి హామీ సామగ్రి వాటా. రోడ్డు నిధి ముందు వచ్చినది, రోడ్డు వేసిరి. మరుసటి యేడు గొట్టము నిధి వచ్చినది, రోడ్డు కోసిరి. ఆ పై యేడు కాలువ నిధి వచ్చినది, రోడ్డు అంచు పగులగొట్టిరి. ఎవరును తప్పు చేయలేదు. అందరును తమ తమ నిధిని గడువులోపల ఖర్చుచేసిరి. చెడినది వీధి.

దీనికి మందు ప్రణాళిక. 1992లో పార్లమెంటు చేసి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి తెచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలులో చేర్చినది. వానిలో రోడ్లు, వంతెనలు కలవు. పట్టణములకు 74వ సవరణ అదే పని చేసినది. 2015 నుండి ప్రతి గ్రామ పంచాయతీయు వార్షికాభివృద్ధి ప్రణాళికను తయారు చేసికొనుచున్నది. ఆ ప్రణాళికలో వీధి పేరు ఒకచోట, కాలువ పేరు మరొకచోట వ్రాయుటకు బదులు, ఒక్కొక్క వీధిని ఒక్క పనిగా వ్రాసి, ఏ సంచి ముందు విప్పవలెనో వరుస నిర్ణయించవలెను. గొట్టము నిధి ఇంకను రానిచో, పలక పోయుటకు ముందే ఇంటింటికి అడ్డముగా ఖాళీ గొట్టమును పాతి యుంచవచ్చును. రేపటి గునపము పోటును నేటి చిన్న ఖర్చు తప్పించును.

కాపుదల లెక్క

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము: ఎవరు చెల్లించవలెను? మరల మన 100 మీటర్ల వీధిని తీసికొందము. ఇరువైపుల కలిపి 200 మీటర్ల ముఖభాగము. అయిదేసి మీటర్ల చొప్పున 40 ఇండ్లు. లెక్క సులభముగ నుండుటకై వీధి ఖర్చు 6 లక్షల రూపాయలనుకొందము. ముఖభాగమును బట్టి పంచినచో మీటరుకు 3,000. ఇంటికి 15,000 రూపాయలు. పదియేండ్ల వాయిదాలలోనైనను ఏడాదికి 1,500. కూలినాలి చేసికొను కుటుంబమునకు ఇది భారము. కనుక మొదటి నిర్మాణమునకు ప్రభుత్వ నిధి వాడుట న్యాయమే.

కాని కాపుదల మాట వేరు. పగుళ్లు పూడ్చుట, కీళ్లలో తారు నింపుట, కాలువలో పూడిక తీయుట - వీటికి నిర్మాణపు ఖర్చులో ఏటేట నూటికి రెండు పాళ్లు కేటాయించినారనుకొందము. 6 లక్షలకు 12,000 రూపాయలు. 40 ఇండ్లకు పంచినచో ఇంటికి ఏడాదికి 300. నెలకు 25 రూపాయలు. ఈ మాత్రము మన ఊళ్లు భరింపలేనిది కాదు. దీనికై క్రొత్త చందా కూడ అక్కరలేదు. ఇంటి పన్నుండనే యున్నది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఇంటి పన్ను వేయు అధికారమును గ్రామ పంచాయతీకి ఇచ్చినది. ఇంటి విలువను బట్టి వేయు పన్ను గనుక మేడకు ఎక్కువ, పాకకు తక్కువ పడును. ముఖభాగపు లెక్కలోని అన్యాయము ఇందు లేదు.

పెద్ద నగరములు అప్పు చేయగలవు. హైదరాబాదు మహానగర పాలక సంస్థ 2018 ఫిబ్రవరిలో నూటికి 8.90 వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు అమ్మి రోడ్ల పథకమునకు ధనము సమకూర్చుకొన్నది. సందునకు, వాడకు ఆ దారి లేదు. వాటికి అండ ఇంటి పన్ను రసీదే.

ఇంగ్లండు పద్ధతిలో ప్రజలు వేసి సంస్థకు అప్పగింతురని చెప్పితిమి. మన వద్ద తలక్రిందులు: దూరపు ప్రభుత్వము వేసి ఊరికి అప్పగించును. ఇచ్చువాడు దూరమున నున్నాడు. కాపాడవలసినవాడు తనది కాదనుకొనుచున్నాడు. కాలువలో చెత్త వేయువాడును, పెండ్లి పందిరికై పలకలో గుంత త్రవ్వువాడును, తాను కొన్న వస్తువును అట్లు చేయడు. పన్ను కట్టినవానికి వీధి తనదను భావము కలుగును. తనదను భావము గలవాడు అడుగును.

అడుగుటకు సాధనములు లేకపోలేదు. అంచనా కాగితము, కొలతల పుస్తకము చూపుమని 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఎవరైనను కోరవచ్చును. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని జరిపించుటలో ఆంధ్రప్రదేశ్ దేశమునకే మార్గదర్శకమైనది. గ్రామసభ యున్నది. కొరతయున్నది అందు లేచి నిలిచి లెక్క అడుగువారికి.

విద్యార్థులకును, కమిటీ పెద్దలకును ఒక మనవి

ఉర్దూ మాతృభాషగా గల మిత్రులు మొహల్లా అందురు. తెలుగు మిత్రులు వాడ అందురు. అరబ్బీనుండి వచ్చిన మొహల్లా అను మాటకు మూలార్థము ప్రయాణికులు దిగి ఆగిన చోటు అని. దిగి ఆగినవారు ఒకరికొకరు ఇరుగుపొరుగు లగుటయే ఊరు. వాన నీరు పల్లపు గుమ్మమును వెదకునే గాని, లోపల మాటలాడు భాష ఏదని విచారింపదు.

కావున మన కళాశాల జాతీయ సేవా పథకము శిబిరములలో వీధులు ఊడ్చుటతోబాటు, ఒక్క వీధినైనను కొలుచు పని చేపట్టవలెనని మా మనవి. ఒక టేపు, నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టము, ఒక నోటుపుస్తకము చాలును. ప్రతి గుమ్మమును వీధికంటె ఎంత ఎత్తున లేదా పల్లమున నున్నదో వ్రాయవలెను. నీరు ఎటు పోవుచున్నదో బాణపు గుర్తులతో చూపవలెను. గొట్టములెక్కడ, కాలువ యెక్కడ, బరువు బండ్లు పోవు దారి యెక్కడ - ఒక పటము గీయవలెను. ఆ పటమును గ్రామసభ ముందుంచినచో, రోడ్డు కావలెనను నోటిమాట బదులు, ఏ మట్టమున, ఏ వరుసలో, ఏ నిధితో కావలెనో చెప్పు వ్రాతపూర్వకమైన కోరిక యగును. లెక్కల తరగతిలో నేర్చినది గుమ్మము ముందు పనికివచ్చుట కంటె చదువునకు వేరు సార్థకత యేమున్నది?

మొదట చెప్పిన వాటా మాటకు మరల వత్తము. సహకార సంఘములో వాటా కొన్న రైతు చెల్లించిన మొత్తము స్వల్పమే కావచ్చును. కాని ఆ స్వల్పముతోనే అతడు సభలో కూర్చుండి లెక్క అడుగు హక్కును పొందినాడు. వీధికిని అట్లే. పలకను ప్రభుత్వము పోయుగాక. నెలకు ఇరువదియైదు రూపాయల కాపుదల మనది కావలెను. అది మన వాటా. ఇంటి పన్ను రసీదు చేతబట్టుకొని గ్రామసభకు పోయిన నాడు, కోరుటకు గాక అడుగుటకు పోయినవార మగుదుము.